విమానాల వేగ పరిమితులు: పైలట్‌కూ కంట్రోలర్‌కూ పేచీ ఎక్కడ వస్తుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

ఫ్లయింగ్ నేర్చుకుంటున్నవాళ్ళు, ఏటీసీ (ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్) పరీక్షలకు చదువుతున్నవాళ్ళు, రేడియో సంభాషణలు ఇష్టంగా వినేవాళ్ళు నన్ను మళ్ళీ మళ్ళీ అడిగే సందేహాలివి. మాటలు మారినా లోపలి చిక్కు దాదాపు ఒక్కటే. "కంట్రోలర్ సరేనన్నాడు కదా" అని పైలట్ అనుకుంటాడు. "రూల్ ఆయనకు తెలుసు కదా" అని కంట్రోలర్ అనుకుంటాడు. ఎవరికి ఏ అధికారం ఉందో తెలిస్తే ఈ పేచీల్లో చాలావరకు అసలు పుట్టవు. విమానం ప్రయాణించే క్రమంలో ప్రశ్నలను పేర్చాను. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు.

## ముందుగా రూల్ సంగతి

10,000 అడుగుల కింద 250 నాట్లు దాటకూడదంటారు. ఇది అన్ని దేశాల్లో, అన్ని విమానాలకూ ఒకటేనా?

కాదు. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావో గగనతలాన్ని ఏ నుంచి జి వరకు ఏడు తరగతులుగా విభజించింది. దాని అనెక్స్ 11 పట్టిక ప్రకారం క్లాస్ ఏ, క్లాస్ బిలలో ఈ పరిమితి లేదు. క్లాస్ సిలో వీఎఫ్ఆర్ విమానాలకు, అంటే కంటితో చూసుకుంటూ ఎగిరేవాటికి మాత్రమే ఉంది. ఐఎఫ్ఆర్ విమానాలకు, అంటే పరికరాల ఆధారంగా ఎగిరేవాటికి లేదు. డి, ఇ, ఎఫ్, జి తరగతుల్లో రెండు రకాలకూ ఉంది. 250 నాట్లంటే గంటకు సుమారు 463 కిలోమీటర్లు.

దీని మీద ప్రతి దేశం తన మార్పులు చేసుకుంటుంది. అమెరికాలో గగనతలం ఏ తరగతిదైనా 10,000 అడుగుల కింద 250 నాట్లే. కెనడాలో ఆ పరిమితితో పాటు ఇంకొకటి ఉంది. కంట్రోల్ టవర్ ఉన్న ఎయిర్‌పోర్టుకు 10 నాటికల్ మైళ్ళ లోపల, నేల నుంచి 3,000 అడుగుల కింద, ఏటీసీ క్లియరెన్స్‌లో అనుమతి లేకపోతే 200 నాట్లు దాటకూడదు. నిన్న ఒక దేశంలో కంట్రోలర్ అన్న మాటతో నిశ్చింతగా 300 నాట్లతో వెళ్ళిన పైలట్, ఇవాళ ఇంకో దేశంలో అదే మాట విని అదే పని చేస్తే రూల్ తప్పినట్టే. వెళ్ళే ప్రతి దేశపు ఏఐపీలో, అంటే ఆ దేశం ప్రచురించే విమానయాన సమాచార గ్రంథంలో, గగనతల తరగతుల పట్టికను చూసుకోమని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

10,000 అడుగులనాలా, ఫ్లైట్ లెవెల్ 100 అనాలా?

ట్రాన్సిషన్ ఆల్టిట్యూడ్ మీద, అంటే ఏ ఎత్తు దాటాక అడుగులకు బదులు ఫ్లైట్ లెవెల్‌లో చెబుతారో ఆ ఎత్తు మీద ఆధారపడుతుంది. అది 10,000 అడుగుల కంటే తక్కువగా ఉన్న చోట ఫ్లైట్ లెవెల్ 100ను హద్దుగా తీసుకోవాలని ఐకావో పట్టికలోనే ఉంది. ట్రాన్సిషన్ ఆల్టిట్యూడ్ 18,000 అడుగులున్న అమెరికాలో సముద్రమట్టం నుంచి 10,000 అడుగులే లెక్క.

ఇది పాత కాలపు రూల్ కదా? ఇప్పుడు ఇన్ని పరికరాలున్నాయి, ఇంకా ఎందుకు?

పాతదే. దాని వెనక 134 ప్రాణాలున్నాయి. 1960 డిసెంబర్ 16న న్యూయార్క్ మీద యునైటెడ్ వారి డీసీ-8 జెట్, టీడబ్ల్యూఏ వారి సూపర్ కాన్‌స్టెలేషన్ ఢీకొన్నాయి. రెండు విమానాల్లో ఉన్న 128 మందీ, నేల మీద ఆరుగురూ చనిపోయారు. డీసీ-8 ప్రెస్టన్ అనే పాయింట్ దగ్గర హోల్డింగ్‌లోకి వెళ్ళాలి, అంటే అక్కడే వలయంగా తిరుగుతూ ఆగాలి, కానీ దాన్ని దాటి ముందుకు పోయింది. అందులోని రెండు నావిగేషన్ రిసీవర్లలో ఒకటి పనిచేయడం లేదు. ఆ సంగతి కంట్రోలర్లకు చెప్పలేదు. క్లియరెన్స్ మారడంతో ఆ పాయింట్‌కు వెళ్ళాల్సిన దూరంలో సుమారు 11 మైళ్ళు తగ్గిపోయాయి. వేగం మాత్రం ఎక్కువగానే ఉండిపోయింది. ఢీకొన్నప్పుడు అది 300 నాట్ల దగ్గర ఉంది. ఆ వేగం కూడా ప్రమాదానికి దోహదం చేసిందని విచారణ తేల్చింది.

తర్వాత 1961లో అమెరికా, ఎయిర్‌పోర్టుకు 30 మైళ్ళ లోపల 10,000 అడుగుల కిందికి వచ్చే విమానాలకు 250 నాట్ల పరిమితి పెట్టింది. 1967లో దాన్ని 10,000 అడుగుల కింద అంతటికీ విస్తరించింది.

పరికరాలు మెరుగుపడ్డ మాట నిజమే. అయినా కారణాలు పోలేదు. ట్రాన్స్‌పాండర్ (రాడార్‌కు జవాబు పంపే పరికరం) లేని చిన్న విమానాలు, గ్లైడర్లు తిరిగేది ఎక్కువగా ఈ ఎత్తుల్లోనే. వాటిని కంటితో చూసి తప్పుకోవడానికి టైమ్ కావాలి. పక్షులూ ఇక్కడే ఉంటాయి. వేగం 250 నుంచి 300కు పెరిగితే పక్షి తగిలే దెబ్బలో శక్తి 44 శాతం పెరుగుతుంది, ఎందుకంటే ఆ శక్తి వేగపు వర్గాన్ని బట్టి ఉంటుంది. టీకాస్ (ఢీకొనే ప్రమాదాన్ని హెచ్చరించే పరికరం) తెర మీద గ్లైడర్ కనిపించకపోవచ్చు, పక్షి అసలే కనిపించదు.

రాడార్ మీద 330 కనిపిస్తోంది. పైలట్ 250లోనే ఉన్నానంటున్నాడు. అబద్ధం చెబుతున్నాడా?

చాలాసార్లు ఇద్దరూ నిజమే చెబుతుంటారు. రూల్ కొలిచేది ఇండికేటెడ్ ఎయిర్‌స్పీడ్‌ను, అంటే కాక్‌పిట్ మీటర్ చూపించే వేగాన్ని. మామూలు రాడార్ చూపించేది గ్రౌండ్ స్పీడ్, అంటే నేల మీద విమానపు నీడ పరిగెత్తే వేగం. ఎత్తుకు పోయే కొద్దీ గాలి పలచబడి మీటర్ తక్కువ చూపిస్తుంది. 10,000 అడుగుల దగ్గర మీటర్ మీద 250 ఉంటే గాలిలో అసలు వేగం 290 నాట్ల దగ్గర ఉంటుంది. వెనక నుంచి 40 నాట్ల గాలి తోడైతే రాడార్ మీద 330. రూల్ ఎక్కడా తప్పలేదు.

దీనికి తలకిందుల పరిస్థితి ఇంకా ప్రమాదకరం. 50 నాట్ల ఎదురుగాలిలో 290 ఇండికేటెడ్‌తో వస్తున్న విమానం రాడార్ మీద 285గా, చాలా మామూలుగా కనిపిస్తుంది. ఎవరికీ అనుమానం రాదు. కొన్ని దేశాల్లో మోడ్ ఎస్ అనే ట్రాన్స్‌పాండర్ పద్ధతి ద్వారా కాక్‌పిట్‌లోని ఇండికేటెడ్ వేగమే నేరుగా కంట్రోలర్ తెర మీదికి వస్తోంది. అలాంటి చోట ఈ తగవు దాదాపు లేదు. ఆ సౌకర్యం లేని చోట "మీ ఇండికేటెడ్ స్పీడ్ ఎంత?" అని అడగడం తప్ప ఇంకో దారి లేదు. నింద వేసే ముందు అడగాల్సిన ప్రశ్న అదే.

రూల్‌లో ఒక స్పీడు, చార్ట్‌లో ఒక స్పీడు, కంట్రోలర్ చెప్పేది ఇంకొకటి. ఏది పాటించాలి?

ఈ మూడూ మూడు వేర్వేరు చోట్ల నుంచి వస్తాయి. గగనతల పరిమితి దేశపు చట్టం. ఎస్ఐడీ (బయల్దేరే మార్గం), స్టార్ (దిగే మార్గం) చార్టుల మీద ముద్రించిన వేగం ఆ మార్గానికి సంబంధించిన షరతు. కంట్రోలర్ చెప్పే వేగం, ఆ నిమిషంలో ఆ విమానానికీ దాని ముందూ వెనకా ఉన్నవాటికీ మధ్య ఎడం కాపాడటానికి ఇచ్చింది. కంట్రోలర్ తన మాటను తను వెనక్కి తీసుకోవచ్చు, చార్ట్ మీది షరతును కూడా రద్దు చేయవచ్చు. చట్టంలోని పరిమితిని మాత్రం చట్టం అనుమతించిన మేరకే సడలించగలడు. చాలా దేశాల్లో ఆ అనుమతి చాలా తక్కువ, కొన్నిచోట్ల అసలు లేదు.

## టేకాఫ్ తర్వాత, ఎక్కేటప్పుడు

కంట్రోలర్ "నో స్పీడ్ రిస్ట్రిక్షన్స్" అన్నాడు. ఇక 250 దాటేయొచ్చు కదా?

అన్నిటికంటే ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. మీరున్న గగనతల తరగతిని చూడకుండా దీనికి జవాబు లేదు.

వేగానికి సంబంధించిన ఏ కంట్రోలర్ ఆదేశం రద్దయినా, గగనతల తరగతికి ఉన్న పరిమితి నుంచి పైలట్‌కు మినహాయింపు దొరకదని ఏటీసీ పద్ధతుల మీద ఐకావో పత్రం డాక్ 4444 స్పష్టంగా చెబుతోంది. కాబట్టి "నో స్పీడ్ రిస్ట్రిక్షన్స్" అంటే "నేను పెట్టిన కట్టుబాటు తీసేశాను" అని అర్థం, అంతే. మీరు క్లాస్ సిలో ఐఎఫ్ఆర్‌లో ఉండి, ఆ దేశం ఐకావో పట్టికనే అనుసరిస్తుంటే మిమ్మల్ని ఆపే చట్టం అక్కడ లేదు, వేగం పెంచవచ్చు. క్లాస్ డిలో ఉంటే 250 అలాగే ఉంది.

గొడవంతా రెండు తరగతులు ఒకదాని పక్కన ఒకటి ఉన్న చోట వస్తుంది. విమానం క్లాస్ సిలో ఉండగా ఈ మాట వింటుంది, వేగం అందుకుంటుంది, రెండు నిమిషాల్లో క్లాస్ డిలోకి జారుతుంది. కాక్‌పిట్‌లో ఏ గంటా మోగదు. "మీరే అనుమతిచ్చారు" అని పైలట్ అంటాడు, "నేను రూల్ తీసేయలేదు" అని కంట్రోలర్ అంటాడు. ఇక్కడ కంట్రోలర్ మాటే చెల్లుతుంది. కానీ ఆ మాట ఎలా అర్థమవుతుందో ముందే ఊహించగల స్థానంలో కూడా ఆయనే ఉన్నాడు. "10,000 పైన వేగం మీ ఇష్టం" అని ఒక్క ముక్క కలిపితే ఈ పేచీ ఉండదు. పైలట్ వైపు నుంచి అయితే "10,000 కింద కూడానా?" అని అడగడం రెండు సెకన్ల పని.

అమెరికాలో కంట్రోలర్‌కు 250ని ఎత్తేసే అధికారమే లేదంటారు. నిజమేనా?

నిజమే. అక్కడి 91.117 రూల్‌లో మొదటి భాగం, 10,000 అడుగుల కింద 250 దాటాలంటే అడ్మినిస్ట్రేటర్ అనుమతి ఉండాలంటుంది. అడ్మినిస్ట్రేటర్ అంటే అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ అధిపతి. రాడార్ ముందు కూర్చున్న కంట్రోలర్‌కు ఆ అధికారం ఇవ్వలేదు. రెండో భాగం వేరు. క్లాస్ సి లేదా డి ప్రధాన ఎయిర్‌పోర్టుకు 4 నాటికల్ మైళ్ళ లోపల, నేల నుంచి 2,500 అడుగుల వరకు 200 నాట్ల పరిమితి ఉంది. దాన్ని మాత్రం ఏటీసీ సడలించవచ్చు. ఒకే రూల్‌లో పక్కపక్కనే ఉన్న ఈ రెండు భాగాలను కలిపేసుకోవడం వల్లే ఇన్ని వాదనలు.

గతంలో ఒక ప్రయోగం జరిగింది. 1997లో హ్యూస్టన్ క్లాస్ బి గగనతలంలో బయల్దేరే విమానాలకు 250 పరిమితిని సడలించి చూశారు. అది అక్కడికే పరిమితమైన ప్రయోగం. దాని గురించి విన్నవాళ్ళు ఇప్పటికీ "క్లాస్ బిలో అడిగితే ఇస్తారు" అంటుంటారు. అలా ఇవ్వరు.

క్లాస్ బి లోపల 200 నాట్లు కదా?

అమెరికా రూల్‌లో 200 నాట్లు క్లాస్ బి కింద ఉన్న గగనతలానికి, దాని మధ్య నుంచి వెళ్ళే వీఎఫ్ఆర్ కారిడార్లకు. లోపల 250.

బాగా బరువున్న విమానం ఫ్లాప్స్ (తక్కువ వేగంలో ఎగరడానికి రెక్కల నుంచి చాపే పలకలు) లోపలికి తీశాక 250 దగ్గర ఎగరలేదు. అప్పుడు రూల్ తప్పినట్టేనా?

తప్పినట్టు కాదు. నిండా ఇంధనంతో బయల్దేరిన 747 లాంటి విమానానికి ఫ్లాప్స్ లేకుండా క్షేమంగా ఎగరగల కనీస వేగం 250 పైనే ఉండవచ్చు. అమెరికా రూల్‌లో దీనికి నేరుగా మినహాయింపు ఉంది. క్షేమానికి అవసరమైన కనీస వేగం పరిమితి కంటే ఎక్కువైతే, ఆ కనీస వేగంతో ఎగరవచ్చు. యూరప్ రూల్స్‌లో కూడా సాంకేతిక, భద్రతా కారణాల వల్ల 250 పాటించలేని విమాన రకాలకు సంబంధిత అధికార సంస్థ ఆమోదంతో వెసులుబాటు ఉంది.

ఇక్కడ రెండు సంగతులు మర్చిపోకూడదు. మినహాయింపు కనీస వేగం వరకే. 275 సరిపోతే 320తో పోవడానికి అది లైసెన్స్ కాదు. రెండోది, కంట్రోలర్‌కు ముందే చెప్పాలి. చెప్పకపోతే ఆయన 250 లెక్కతోనే మీ ముందున్న చిన్న విమానానికి ఎడం లెక్కగడతాడు. మలుపు తిరిగే వ్యాసార్థం కూడా పెరుగుతుంది కాబట్టి, మీరు తిరిగి చేరే దారి ఆయన అనుకున్న చోట ఉండదు.

ఆలస్యమైంది, హై స్పీడ్ ఇవ్వమని అడిగితే ఎంత కలిసొస్తుంది?

సుమారు ఒక నిమిషం. 10,000 అడుగులకు చేరేలోపు 30 నాటికల్ మైళ్ళు వెళ్తారనుకుంటే, 250 బదులు 300 నాట్లతో పోతే మిగిలేది అంతే. అడగడంలో తప్పు లేదు. "వీలుపడదు" అంటే దాని మీద పట్టుబట్టేంత విలువ ఆ నిమిషానికి లేదు.

## పైన, క్రూజ్‌లో

10,000 దాటాక వేగం పైలట్ ఇష్టమేనా?

చట్టం పెట్టిన పరిమితి అక్కడితో ఆగుతుంది, కంట్రోలర్ ఆదేశం ఆగదు. పైన ఒకే దారిలో వరసగా వెళ్ళే విమానాల మధ్య ఎడం వేగంతోనే కాపాడతారు. ఫ్లైట్ లెవెల్ 250 నుంచి పైకి ఆదేశం సాధారణంగా మాక్ సంఖ్యలో (ధ్వని వేగంతో పోల్చిన నిష్పత్తి), 0.01 మెట్లలో వస్తుంది. కింద అయితే 10 నాట్ల మెట్లలో. రాడార్ లేని సముద్రాల మీద ఒక మాక్ కేటాయించారంటే దాన్ని చెప్పకుండా మార్చకూడదు, ఎందుకంటే అక్కడ ఎడం మొత్తం ఆ అంకె మీదే నిలబడి ఉంటుంది.

వేగం తగ్గించమంటే పైలట్ "అనేబుల్" (కుదరదు) అన్నాడు. అంత పెద్ద విమానం కొంచెం నెమ్మదించలేదా?

నిజంగానే నెమ్మదించలేకపోవచ్చు. ఎత్తు పెరిగే కొద్దీ, విమానం నిలబడగల కనీస వేగానికీ, దాటకూడని గరిష్ట వేగానికీ మధ్య ఖాళీ కుంచించుకుపోతుంది. నిండు బరువుతో తన గరిష్ట ఎత్తు దగ్గర ఉన్న విమానానికి అటూ ఇటూ మిగిలేది కొద్ది నాట్లే. అలాంటి విమానం వేగం మార్చుకోగలిగేది చాలా తక్కువని ఐకావో పత్రంలోనే కంట్రోలర్లకు గమనిక ఉంది. కుదుపులుంటే ఆ కొద్దిపాటి ఖాళీ కూడా చాలదు.

కానీ "అనేబుల్" అని వదిలేస్తే కంట్రోలర్ చేతిలో ఏమీ మిగలదు. "0.80 కంటే తక్కువ కుదరదు" అనో, "రెండు వేల అడుగులు కిందికి దింపితే తగ్గించగలం" అనో చెబితే ఆయనకు ఒక దారి చూపినట్టవుతుంది.

## దిగేటప్పుడు, హోల్డింగ్‌లో

"త్వరగా దిగండి" అంటారు, వెంటనే "వేగం తగ్గించండి" అంటారు. రెండూ ఒకేసారి ఎలా?

జెట్ విమానాలకు సాధారణంగా కుదరదు. దిగుతున్న విమానానికి ఎత్తే వేగంగా మారుతుంది. ఆ వేగాన్ని వదిలించుకోవాలంటే దిగడం తగ్గించాలి. లెవెల్‌గా ఎగురుతూ వేగం తగ్గించినా ప్రతి 10 నాట్లకు దాదాపు ఒక నాటికల్ మైలు పడుతుందని పైలట్ల మోటు లెక్క. మూడు డిగ్రీల వాలులో దిగుతుంటే అంతకంటే చాలా ఎక్కువ దూరం కావాలి. వేగంగా దిగడం, వేగం తగ్గించడం ఒకేసారి అడగడం మానుకోవాలని ఐకావో కంట్రోలర్లకు చెబుతోంది.

రెండూ కలిసి వస్తే పైలట్ అడగాల్సింది "ముందు ఏది?" అని. "ముందు 220కి తగ్గించి, తర్వాత దిగండి" అని కంట్రోలరే క్రమం చెబితే ఇంకా మంచిది. స్పీడ్ బ్రేకులు పూర్తిగా తీసి, ఏమీ మాట్లాడకుండా, రెండిట్లో ఏదీ సరిగ్గా అందక ఇబ్బంది పడే పైలట్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది. ఆ టెన్షన్ అనవసరం.

10,000 దగ్గర కాసేపు లెవెల్ అయ్యాం. "ఎందుకు ఆగారు?" అని కంట్రోలర్ గద్దించారు. తప్పు మాదేనా?

పైన 300 నాట్లతో వస్తున్న విమానం 250కి తగ్గకుండా హద్దు దాటకూడదు, కాబట్టి ఆ ఆగడం రూల్ కోసం చేసిందే. అమెరికాలో దీనికి స్పష్టమైన మార్గదర్శకం ఉంది. దిగేటప్పుడు మధ్యలో ఎక్కడ లెవెల్ అయినా ఏటీసీకి చెప్పాలి. వేగం తగ్గించడానికి 10,000 అడుగుల దగ్గర లెవెల్ అయితే మాత్రం చెప్పనక్కర్లేదు. మిగతా దేశాల్లో ఒక మాట చెప్పేయడమే మేలు. మీ కింద నుంచి దాటబోయే విమానాన్ని కంట్రోలర్ మీ దిగుడు లెక్కతోనే నడిపిస్తూ ఉండవచ్చు.

"రెజ్యూమ్ నార్మల్ స్పీడ్", "రెజ్యూమ్ పబ్లిష్డ్ స్పీడ్", "డిలీట్ స్పీడ్ రిస్ట్రిక్షన్స్" అన్నీ ఒకటే కదా?

ఒకటి కావు. అమెరికా వాడుకలో మొదటిది, కంట్రోలర్ ఇచ్చిన వేగం ఇక లేదని చెబుతుంది. రెండోది, చార్ట్ మీదున్న వేగాలకు తిరిగి రమ్మంటుంది. మూడోది, కంట్రోలర్ ఇచ్చినదాన్నీ చార్ట్ మీదున్నదాన్నీ రెండిటినీ తీసేస్తుంది. ఈ మూడిట్లో ఏది విన్నా 10,000 కింద 250 మాత్రం ఎక్కడికీ పోదు.

కంట్రోలర్ 210 అన్నారు, మేము 217లో ఉన్నాం. దానికీ గొడవేనా?

అమెరికాలో ఇచ్చిన వేగానికి 10 నాట్లు అటూ ఇటూ ఉండవచ్చు, మాక్‌లో అయితే 0.02. కాబట్టి 217 తప్పు కాదు. కానీ ఈ వెసులుబాటు కంట్రోలర్ ఇచ్చిన వేగానికే. గగనతల పరిమితికి దీన్ని కలిపి 260 వరకు వెళ్ళొచ్చని లెక్కవేయకండి. 250 గరిష్టం.

హోల్డింగ్‌లో వేగం ఎవరు నిర్ణయిస్తారు?

హోల్డింగ్ వలయపు కొలతలు నిర్ణయిస్తాయి. ఐకావో లెక్కలో సాధారణంగా 14,000 అడుగుల వరకు 230 నాట్లు, అక్కడి నుంచి 20,000 వరకు 240, ఆ పైన 34,000 వరకు 265. అంతకంటే వేగంగా తిరిగితే వలయం పెద్దదై, రక్షణగా వదిలిన స్థలం దాటి పోతారు. హోల్డింగ్‌లోకి వెళ్తున్న, తిరుగుతున్న విమానానికి కంట్రోలర్ వేగ నియంత్రణ ఇవ్వకూడదు.

## ఫైనల్ అప్రోచ్‌లో

రన్‌వే దగ్గరికి వచ్చాక కూడా "160 మెయింటెయిన్" అంటారు. ఎంతవరకు పట్టుకోవాలి?

ఐకావో ప్రకారం రన్‌వే అంచుకు 4 నాటికల్ మైళ్ళ లోపల వేగ నియంత్రణ ఇవ్వకూడదు. అమెరికాలో ఫైనల్ అప్రోచ్ ఫిక్స్ (చివరి దిగుడు మొదలయ్యే బిందువు) లోపల, లేదా రన్‌వేకి 5 మైళ్ళ దూరంలో ఒక బిందువు లోపల ఇవ్వరు. ఆ తర్వాత వేగం పైలట్‌దే. అంతకుముందు కూడా ఇంటర్మీడియట్, ఫైనల్ దశల్లో 20 నాట్లకు మించి మార్పులు అడగకూడదని ఐకావో అంటుంది.

కొన్ని విమానాలకు 4 మైళ్ళ దాకా 160 ఉంచితే 1,000 అడుగులకల్లా స్థిరపడటం కష్టం. తేలికగా ఉన్న విమానానికి, వెనక నుంచి గాలి వీస్తుంటే ఇంకా కష్టం. "ఆరు మైళ్ళ వరకు 160 ఇవ్వగలను" అని ముందే చెబితే కంట్రోలర్ వెనక విమానాన్ని సర్దుకుంటాడు. అయిదో మైలు దగ్గర చెబితే సర్దడానికి ఏమీ మిగలదు, ఎవరో ఒకరు గో-అరౌండ్ (దిగడం ఆపి మళ్ళీ పైకెక్కడం) చేయాల్సిందే.

అప్రోచ్ క్లియరెన్స్ వచ్చింది. అంతకుముందు ఇచ్చిన స్పీడు రద్దయినట్టేనా?

అమెరికాలో అవును, క్లియరెన్స్‌తో పాటు మళ్ళీ చెబితే తప్ప. ఐకావో పద్ధతిలో కాదు. అక్కడ కంట్రోలర్ స్పష్టంగా రద్దు చేసేదాకా, లేదా మార్చేదాకా వేగం ఆదేశం అమల్లో ఉంటుంది. అమెరికా అలవాటున్న పైలట్ ఐకావో పద్ధతి దేశంలో క్లియరెన్స్ రాగానే నెమ్మదిస్తే, వెనక విమానం మీద పడినంత పని అవుతుంది.

కంట్రోలర్ వేగం తగ్గించొద్దన్నాడు. ఎక్కువ వేగంతో దిగాం. తప్పు ఆయనదే కదా?

2000 మార్చి 5న అమెరికాలోని బర్బాంక్‌లో జరిగింది చూడండి. సౌత్‌వెస్ట్ 1455 అనే 737 విమానానికి, చెప్పేదాకా 230 లేదా అంతకంటే ఎక్కువ వేగం ఉంచమని కంట్రోలర్ ఆదేశం. విమానం ఎయిర్‌పోర్టుకు చాలా దగ్గరగా, చాలా ఎత్తులో, చాలా వేగంగా ఫైనల్‌లోకి చేరింది. మామూలుగా మూడు డిగ్రీల దగ్గర ఉండే వాలు ఏడు డిగ్రీలైంది. కంపెనీ రూల్ ప్రకారం గో-అరౌండ్ చేయాలి, చేయలేదు. 138 నాట్ల దగ్గర నేల తాకాల్సింది 182తో తాకింది. రన్‌వే చాలక, కంచె దాటి, రోడ్డు మీదికి వచ్చి పెట్రోల్ బంకు దగ్గర ఆగింది. ఎవరూ చనిపోలేదు.

అమెరికా ప్రమాద విచారణ సంస్థ ఎన్‌టీఎస్‌బీ ప్రధాన కారణంగా పేర్కొన్నది పైలట్లనే. అతివేగం, అతివాలు, అప్రోచ్ ఆపకపోవడం. గో-అరౌండ్ తప్ప వేరే క్షేమమైన దారి లేకుండా విమానాన్ని ఆ స్థితిలో పెట్టినందుకు కంట్రోలర్‌ది దోహదకారణం అంది. నాకు ఈ తీర్పు చాలా న్యాయంగా అనిపిస్తుంది. కంట్రోలర్ తప్పు చేశాడని పైలట్‌కు మాఫీ లేదు, పైలట్ తప్పు చేశాడని కంట్రోలర్‌కూ లేదు. "ఆయనే చెప్పాడు" అన్న మాట రన్‌వే చివర పనికిరాదు.

## పేచీ వచ్చినప్పుడు

కంట్రోలర్ అడిగిన వేగం కుదరదనిపిస్తే, గొడవ కాకుండా ఎలా చెప్పాలి?

మూడు ముక్కల్లో: కుదరదు, కారణం ఇది, ఇది మాత్రం చేయగలను. "అనేబుల్ 180, ఐసింగ్ వల్ల కనీస వేగం 200, కావాలంటే మలుపు తీసుకుంటాం." వాదన అక్కర్లేదు. ఇవ్వగల వేగం తెలిసిన వెంటనే కంట్రోలర్ వేరే దారి వెతుక్కుంటాడు.

చెప్పకుండా మెల్లగా తగ్గించుకుంటే ఏమవుతుంది? 20 నాట్లే కదా.

వెనక వస్తున్న విమానం 180తో, మీరు చెప్పకుండా 160తో ఉంటే మూడు నిమిషాల్లో మీ మధ్య ఒక నాటికల్ మైలు తగ్గిపోతుంది. టెర్మినల్ ప్రాంతంలో రాడార్ ఎడం చాలాచోట్ల 3 మైళ్ళే. అందులో ఒకటి పోయింది. ముందున్నది భారీ విమానం, వెనకున్నది మధ్యరకం అయితే గాలి సుడుల కోసం 5 మైళ్ళు ఉండాలి, అప్పుడు వెనకవాళ్ళకు అది కుదుపుగా మారవచ్చు. కంట్రోలర్‌కు ఇది తెలిసేసరికి ఆలస్యమవుతుంది, ఎందుకంటే రాడార్ మీద గ్రౌండ్ స్పీడ్ తగ్గడం గాలి మార్పులాగే కనిపిస్తుంది. "కుదరదు" అన్న పైలట్‌తో నాకెప్పుడూ ఇబ్బంది లేదు. "సరే" అని ఇంకోటి చేసేవాళ్ళతోనే ఉంది.

చివరి మాట ఎవరిది?

విమానాన్ని ఎలా నడపాలన్న దానిలో తుది అధికారం పైలట్-ఇన్-కమాండ్‌దే అని ఐకావో అనెక్స్ 2 చెబుతుంది. భద్రతకు తప్పనిసరైతే రూల్ నుంచి పక్కకు తప్పుకోవచ్చు కూడా. కానీ ఆ అధికారం సౌలభ్యానికి కాదు. ఎమర్జెన్సీ వంటి పరిస్థితి లేనప్పుడు క్లియరెన్స్‌ను పాటించాలి, లేదా మార్చమని అడగాలి. అనుమానముంటే వెంటనే వివరణ అడగాలని అమెరికా రూల్స్‌లో పైలట్ మీద బాధ్యతగానే రాశారు.

పరిమితి దాటానని కంట్రోలర్ అంటున్నారు, నేను ఒప్పుకోను. రేడియోలోనే తేల్చుకోవచ్చా?

వద్దు. ఆ ఫ్రీక్వెన్సీ మీద మీ ఇద్దరితో పాటు ఇంకా చాలా విమానాలున్నాయి, వాటి రీడ్‌బ్యాక్‌లు (విన్న ఆదేశాన్ని తిరిగి చెప్పే మాటలు) మీ వాదన కింద పడి పోతాయి. విన్నట్టు చెప్పండి, అప్పటికి ఆ వేగం పాటించండి. ఎన్ని గంటలకు, ఏ ఫ్రీక్వెన్సీలో, ఎంత ఎత్తులో, మీటర్ మీద ఎంత వేగం ఉందో కాగితం మీద రాసిపెట్టుకోండి. దిగాక ఫోన్ చేయండి. అమెరికాలో ఉల్లంఘన జరిగి ఉండవచ్చనుకుంటే కంట్రోలరే ఫోన్ నంబర్ ఇచ్చి మాట్లాడమంటాడు. రేడియో రికార్డింగ్, రాడార్ డేటా ఉంటాయి, విమానంలో ఫ్లైట్ డేటా ఉంటుంది. ఇండికేటెడ్ వేగం ఎంతో ఎవరి జ్ఞాపకం మీదా ఆధారపడనక్కర్లేదు.

తప్పు మీదే అనిపించినా రిపోర్ట్ చేయండి. అమెరికాలో 1976 నుంచి నాసా నడుపుతున్న ఏఎస్ఆర్ఎస్ వ్యవస్థ ఇందుకే ఉంది. కావాలని చేయని ఉల్లంఘనను పది రోజుల్లోగా అక్కడ రాస్తే, మిగతా షరతులు కుదిరినప్పుడు జరిమానా, లైసెన్స్ సస్పెన్షన్ వేయరు. కంట్రోలర్లు కూడా అక్కడ రాయవచ్చు. ఒకే ఘటనను ఇద్దరూ తమ తమ వైపు నుంచి రాస్తే, ఏ మాటను ఎవరు ఎలా అర్థం చేసుకున్నారో విశ్లేషించేవాళ్ళకు స్పష్టంగా కనిపిస్తుంది.